దున్నని రెండెకరాలు

అనుమానం నాకు మా అమ్మ దగ్గర్నుంచి వచ్చింది. కోరుట్లలో మా ఇంటికి పాలు పోసే ఆయన నా చిన్నప్పట్నుంచీ ఒక్కడే. అయినా మా అమ్మ ఇప్పటికీ ఆయన ఎదురుగానే పాలలో వేలు ముంచి, గోటి మీద చుక్క నిలుస్తుందో జారుతుందో చూస్తుంది. ఆయనా ఏమీ అనుకోడు. ఆమె చూసేదాకా నిలబడి, తల ఊపాకే గేటు దాటుతాడు. నేను మా అమ్మకంటే రెండాకులు ఎక్కువే చదివాను. ఆటో ఎక్కితే ముందు నంబరు చూసుకుంటాను. కూరగాయలు నా కళ్ల ముందు తూస్తేనే కొంటాను. నా ఫోను ఎవరి చేతికీ ఇవ్వను, మా ఆయన చేతికి కూడా.

అలాంటిదాన్ని ఒక మనిషిని మాత్రం పూర్తిగా నమ్మాను. అనుమానించాల్సిన మనిషిని వదిలేసి, అనుమానించకూడని ఆమెను అనుమానించాను. నడుమ ఆమె రెండెకరాల భూమి చేజారేంత పని అయింది.

నేను జగిత్యాలలో ఒక చిన్న కన్సల్టెన్సీలో పని చేస్తాను. వృక్షశాస్త్రం చదివాను కాబట్టి మొక్కల పనులన్నీ నా నెత్తినే పడతాయి. గోదావరి వెంబడి కిందికి పోతే బొగ్గు గనులు వస్తాయి. నేను చెప్పే గని భూమి లోపలికి దిగి తవ్వేది కాదు, పైనుంచే తవ్వుకుంటూ పోయేది. బొగ్గు మీదున్న మట్టినీ రాయినీ ఎత్తి పక్కన పోస్తారు. పోసి పోసి అవి గుట్టలవుతాయి. తవ్వకం ముగిసిన చోట ఆ మట్టి గుట్టల మీద మళ్లీ మొక్కలు రావాలి. ఏ మొక్కలు, ఏ వరసలో, ఎట్లా నిలబెట్టాలో ముందే పథకం వేసి ఇవ్వాలి. ఆ పని మా సార్‌కి దొరికింది, సార్ నాకు అప్పగించారు.

మొదటిసారి పోయినప్పుడు ఇదివరకే మొక్కలు పెట్టిన పాత మట్టి గుట్ట ఒకటి చూపించారు. దూరం నుంచి పచ్చగా ముచ్చటగా ఉంది. "చూశావామ్మా, అడవి" అన్నారు సార్. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఎక్కి చూశాను. అన్నీ ఒకే రకం చెట్లు, ఒకే ఎత్తు, గీత గీసినట్టు వరసలు. కింద గడ్డి పోచ లేదు. చీమల పుట్ట లేదు, పిట్ట అరుపు లేదు. రాలిన ఆకులు పక్కకు జరిపితే మట్టి నిన్న పోసినట్టే ఉంది. ఫోటోలో అడవే గానీ, కాలు పెడితే కాదు.

"ఇది అడవి కాదు సార్" అన్నాను.

"అయితే ఏం కావాలి నీకు?" అన్నారు విసుగ్గా.

నాకు కావాల్సింది ఒక్కటే. తవ్వకముందు అక్కడ ఏం మొలిచేదో తెలియాలి. తెలిస్తే దాన్నే మళ్లీ పెంచమని చెప్పొచ్చు. కానీ ఆ నేలంతా ఎప్పుడో లేచిపోయింది. ఇట్లాంటప్పుడు మా పనిలో ఒక పద్ధతి ఉంది. అదే మట్టి, అదే వాన ఉన్న మరో భూమిని దగ్గర్లో వెతుకుతాం. దాని మీద కాలాలవారీగా ఏమేం మొలుస్తాయో రాసుకుని, గని గుట్ట మీద పెరిగేవాటిని వాటితో పోలుస్తాం. దాన్ని మేం పోలిక భూమి అంటాం. దానికి ఉండాల్సిన గుణం ఒక్కటే, ఎన్నడూ దున్ని ఉండకూడదు. ఒక్కసారి దున్నినా పాత గడ్డి దుబ్బులు పోయి కలుపు వచ్చి కూర్చుంటుంది.

ఈ రోజుల్లో దున్నని భూమి ఎక్కడుంది? రాయికల్ వైపు ఎటు చూసినా వరి. సార్ చుట్టం ఎవరో చెప్పాడని అంత దూరం ముస్తాబాద్ దాకా కూడా పోయి, పత్తి చేన్లు చూసి వచ్చాను. చివరికి వెల్గటూర్ దాటాక ఒక ఊరి హోటల్లో చాయ్ తాగుతూ డ్రైవర్‌తో నా గోడు చెప్పుకుంటుంటే, పక్క బెంచీ మీది మనిషి మాట కలిపాడు. దుబాయిలో చాలా ఏళ్లు చేసి వచ్చి, గుట్ట కింద పొలం చేసుకుంటున్న రైతు. తెల్లటి ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట.

"మేడం, మీకు దున్నని భూమే గద కావాలె? నేను చూపిస్త. మా పొలం పక్కపొంటే ఉంది. తాతల కాలం నుంచి నాగలి పడలే."

"ఎవరిదన్నా అది?"

"ఎవ్వలదేంది మేడం, సర్కారుదే. పేరుకు ఎవ్వలో ఉన్నరు. ఆదివారం పొద్దుగాల రాండ్రి. ఎవ్వలు అడ్డం రారు, నిమ్మలంగ చూసుకోవచ్చు."

నిమ్మలంగా అన్న మాట నాకు బాగా నచ్చింది. ఏ ఊళ్లోనైనా టేపు బయటికి తీస్తే చాలు, జనం మూగి రోడ్డు పడుతుందా, కాలువ పడుతుందా అని ప్రాణం తీస్తారు. ఆదివారమే ఎందుకని నేను అడగలేదు. నాలాంటిది అడగకపోవడం ఇప్పటికీ నాకే వింత.

బతుకమ్మ పండుగ అయిపోయిన మరుసటి ఆదివారం పోయాను. గుట్ట వాలులో రెండెకరాలు. ఎర్ర మట్టి, నడుమ నడుమ రాళ్లు. మోకాళ్ల ఎత్తు గడ్డి, ఒకటి కాదు, ఎన్ని రకాలో. తునికి పొదలు, మోదుగు, రేల, పరికి కంప, కాయలతో వంగిన సీతాఫలం చెట్లు. పండక్కి కోసుకుపోగా మిగిలిన తంగేడు పూలు ఇంకా పచ్చగా ఉన్నాయి. అడుగు వేస్తే మిడతలు లేచాయి. గని గుట్ట మీద నేను వెతికి వెతికి కనుక్కోలేనిదంతా ఇక్కడ ఉచితంగా పరుచుకుని ఉంది.

తాడు కట్టి, తెల్ల రంగు వేసిన మేకులు పాతాం. ఆ రైతే సుత్తి తీసుకుని తన చేత్తో కొట్టాడు. ప్లాస్టిక్ పైపుతో చేసిన చదరపు చట్రం ఒకటి నా దగ్గర ఉంటుంది. దాన్ని నేల మీద పెట్టి, లోపల ఏయే మొక్క ఎంత ఉందో రాసుకుంటాను. నేను రాస్తుంటే అతను పక్కనే నిలబడి, "ఎన్నడు దున్నలే అని రాసిన్రా మేడం? గది రాయుండ్రి" అని మాటిమాటికీ గుర్తు చేశాడు. మా సార్ తలకెక్కని విషయం ఈ మనిషికి ఎంత తొందరగా ఎక్కిందని మురిసిపోయాను. ఫోటోలు తీయడం అయ్యాక, పొలానికి నీళ్లు పెట్టాలంటూ దిగిపోయాడు.

అతను పోయిన కాసేపటికి ఆమె వచ్చింది. యాభై దాటిన మనిషి. తెల్ల చీర, తల మీద కొంగు, చంకలో సంచిలో బైబిలు. చర్చి నుంచి ఇంటికి కూడా పోకుండా నేరుగా గుట్టెక్కినట్టుంది, ఆయాసపడుతోంది. తాడు దాటకుండా బయటే నిలబడింది.

"ఎవ్వలు మీరు? నా జాగల ఏం పాతుతున్నరు?"

"గడ్డి కొలుస్తున్నం అక్కా."

"గడ్డి కొలిచెటోల్లను నేనెన్నడు జూడలే." నా చట్రం ఎత్తి, పైపు కన్నంలోంచి ఒక కన్ను మూసి చూసింది. "గిది బొగ్గును పట్టే మిషినా?"

"ఉట్టి పైపు అక్కా."

"గని నుంచి అచ్చినవా లేదా?"

"గని పనే గానీ, ఇక్కడ ఎవరూ తవ్వరు..."

"గదే అడిగిన. గని నుంచే అచ్చినవ్." చట్రం కింద పెట్టేసింది. "మా తాతలకు గుంట జాగ లేకుండె. మా అత్త పేరు మీద సర్కారు గీ లావణి పట్టా ఇచ్చింది. అత్త పోయినంక నాకచ్చింది. గిది గూడ గుంజుకుంటరా?"

లావణి అంటే మా దగ్గర అందరికీ తెలుసు, భూమి లేనివాళ్లకు సర్కారు రాసిచ్చిన భూమి. అమ్మరాదు, కొనరాదు. దున్నితే రాళ్లే లేస్తాయని వాళ్లు దాన్ని అలాగే ఉంచుకున్నారు. తంగేడు పూలు జగిత్యాల తీసుకుపోయి అమ్ముకుంటారు, తరువాత సీతాఫలాలు, ఎండాకాలం తునికాకు. మేకలు ఎలాగూ అక్కడే. ఇదంతా ఆమె చెప్తుంటే నేను మొక్కల పేర్లే రాసుకున్నాను. భూమి ఎవరూ తీసుకోరని చెప్పి, మేకులు జాగ్రత్తగా చూడమని కూడా చెప్పి వచ్చాను.

ఎండాకాలం మళ్లీ పోయేసరికి ఒక్క మేకు లేదు. అన్నీ పీకి, నా తాడుతోనే కట్ట కట్టి, గట్టు మీద పెట్టి ఉన్నాయి. నా ఒళ్లు మండింది. ఆ రైతు పొలంలోంచి చూసి గబగబా వచ్చాడు.

"గామెనే మేడం, ఇంకెవ్వలు పీకుతరు? మీరు అప్పుడు తీసిన ఫోటోలు నాకు పంపుండ్రి. మండల ఆఫీసుల చూపిచ్చి, మల్ల ముట్టకుంట చేపిస్త."

పంపేదాన్నే. కానీ నా ఫోటోలు నేను ఎవరికీ పంపను. ఒకసారి మా సార్ నా ఫోటోలు తీసుకుని, ఏదో మీటింగులో తను తిరిగి తీసినట్టే చెప్పుకున్నారు. అప్పట్నుంచి రిపోర్టు పూర్తయ్యేదాకా అవి నా ఫోను దాటవు. ఆఫీసు కంప్యూటర్లో కూడా పెట్టను. తర్వాత చూద్దామని అతనికి చెప్పి, నేరుగా ఆమె ఇంటికి పోయాను.

గడపలో కూర్చుని చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి లేవలేదు.

"మేకులు ఎందుకు పీకినవక్కా?"

"పాతేటప్పుడు నన్నడిగినవా?"

"నీ భూమి ఎవరూ తీసుకోరని చెప్పిన గదా."

"గట్లనే కాయిదం మీద రాసియ్యి."

"నేనెట్ల రాసిస్త? నా చేతుల ఏముంది?"

"మరి నా జాగ గురించి వేరేటోల్లకు రాస్తున్నవ్ గద. గదెట్ల రాస్తున్నవ్?" ఆకు మడత పెడుతూ తల ఎత్తింది. "ఏం రాస్తున్నవ్?"

"ఎన్నడూ దున్నలేదని రాస్తున్న. అది గొప్ప అక్కా. అట్లాంటి భూమి ఇప్పుడు దొరుకుతలేదు."

చేతిలో బీడీ ఆగిపోయింది. "దున్నలేదని ఎవ్వలు చెప్పిన్రు?"

"కింది పొలమాయన."

ఆమె చేటలోని ఆకు అటూ ఇటూ సర్దింది. "పొద్దు వంగుతుంది, బస్సు దొరకది, పో" అంది. ఏదో దాస్తోందని నాకు గట్టిగా అనిపించింది. గుట్ట మీద ఎక్కడో దున్నే ఉంటారు, ఆ మాట నాకు చెప్పడం లేదు అనుకుంటూ బస్సెక్కాను.

ఆ తర్వాత రైతు ఫోన్లు మొదలయ్యాయి. రిపోర్టు అయిందా? దాంట్లో సర్వే నంబరు వేస్తరా? ఫోటోల మీద తేదీ పడుతదా? ఒక కాపీ ఇస్తరా? పొలం నాట్ల గురించి మాట్లాడినంత మామూలుగా అడిగేవాడు. తేదీ మాట వచ్చినప్పుడు మాత్రం నాకు మా అమ్మ వేలు గుర్తొచ్చింది. గడ్డి మీద ఇంత ప్రేమ ఉన్న రైతును నేను పుట్టి ఎరగను.

ఆదివారం కోరుట్ల పోయినప్పుడు మా బాపును అడిగాను. వాకిట్లో ఆరబోసిన పసుపు కొమ్ములు కాలితో తిరగేస్తున్నాడు.

"లావణి భూమిని దున్నకుంటనే ఉంచిన్రా?" అన్నాడు ఆగి. "గది సాగు చెయ్యాలెనన్న షరతు మీదనే ఇస్తరు బిడ్డా. బీడు పెట్టిన్రని ఎవ్వడన్న దరఖాస్తు పెట్టి రుజువు చూపెడితె, సర్కారు వాపస్ తీసుకోవచ్చు. గప్పుడు పక్కపొంటోడు మెల్లగ తన పొలంల కలుపుకుంటడు. దాని పక్కపొంటి పొలం ఎవ్వనిది?"

చెప్పాను. బాపు నవ్వాడు. "గాయన పెడితె పక్కోడు కుల్లుకొని పెట్టిండంటరు. నువ్వు రాస్తె సదువుకున్నోల్లు రాసిన్రంటరు. మంచిగ దొరికినవ్ పో గాయనకు."

నా మొహం చెల్లలేదు. ఆదివారం పొద్దున, ఆమె చర్చిలో ఉండే సమయం. సుత్తి. ఎన్నడు దున్నలే అని రాసిన్రా మేడం. ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గని గుట్ట మీద ఏం మొలవాలో తెలుసుకోవడానికి పోయి, ఒక మనిషి కాళ్ల కింది నేలకు ఎసరు పెట్టాను.

మిరుగం కార్తె రాగానే మొదటి వానలు పడ్డాయి. ఆమెతో విషయం చెప్పాలని, ఆ రిపోర్టులో ఆమె భూమి మాటే రాదని చెప్పాలని వెల్గటూర్ బస్సెక్కాను. ఊళ్లో ఆటో దిగేసరికే గుట్ట వైపు నుంచి ట్రాక్టరు మోత వినిపించింది. నేను గట్టెక్కేసరికి అది ఆఖరి సాలు ముగించి దిగిపోతోంది.

రెండెకరాలూ ఎర్రగా తిరగబడి ఉన్నాయి. రాళ్లు పైకి తేలాయి. గడ్డి దుబ్బులు వేళ్లు పైకి పెట్టి పడి ఉన్నాయి. కొట్టేసిన చెట్లు గట్టున కుప్పగా ఉన్నాయి. అంచుల వెంబడి నాలుగు సీతాఫలం చెట్లు, ఒక రేల చెట్టు తప్ప ఏమీ మిగల్లేదు. కొంగులో కందులు పోసుకుని ఆమె చల్లుకుంటూ వస్తోంది. నాకు ఏడుపొచ్చింది. మొక్కల కోసమో ఆమె కోసమో విడదీసి చెప్పలేను.

"అచ్చినవా?" అంది. "రాసుకో ఇగ. దున్నిన భూమి అని రాసుకో."

"అక్కా, నాకు తెల్వదు. మొన్ననే తెలిసింది. ఏం రాయనని చెప్దామనే వచ్చిన."

"చెప్తె నేను నమ్మాలె గద."

"సీతాఫలం చెట్లు పోయినయి గదక్కా."

"నాకు తెల్వదా?" గొంతు ఒక్కసారిగా లేచింది. "గవే మాకు బువ్వ పెట్టినయి. చెట్లుంచుకొని జాగ పోగొట్టుకుంటె ఏడికి పోను?" కొంగులోంచి ఇంకో గుప్పెడు తీసి విసిరింది. రాళ్ల మీద పడి కందులు చిట్లినట్టు చప్పుడైంది. ఆ నేలలో కంది ఎంత వస్తుందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

చల్లడం అయ్యాక చేతులు దులుపుకుని నా ముందు నిలబడింది. "ఫోటువ తియ్యి. నేను పడాలె, సాల్లు పడాలె. తేదీ, జాగ పేరు గూడ పడాలె."

తీశాను. సిరిసిల్లలో బట్టలు కుట్టే పనికి పోయే ఆమె బిడ్డకు పంపమంది. నంబరు నోటికి చెప్పింది. అక్కడ సిగ్నల్ లేదు. గుట్ట పైకి ఎక్కితే దొరుకుతుందంటూ తనే ముందు నడిచింది. పైన రాతి మీద కూర్చున్నాం. కింద గట్టు మీద తెల్ల చొక్కా ఒకటి నిలబడి మమ్మల్నే చూస్తోంది.

"రెండు టిక్కులు పడ్డయా?"

"ఇంకా ఒకటే పడ్డదక్కా."

పడేదాకా నా పక్కనుంచి కదల్లేదు. పడ్డాక కూడా ఊరుకోలేదు. తన చిన్న ఫోన్లో బిడ్డకు ఫోన్ చేసి, ఏమేం కనపడుతున్నాయో చెప్పించుకుంది. నేను కూడా అంతే చేసేదాన్ని.

"పాతయి ఉన్నయా నీ కాడ?" అంది ఫోన్ పెట్టేసి.

"ఉన్నయి."

"చూపియ్యి."

ఎవరికీ ఇవ్వని ఫోను ఆమె చేతిలో పెట్టాను. వేలితో ఒక్కొక్కటే జరుపుతూ పోయింది. గడ్డి, తంగేడు, కాయలతో వంగిన చెట్లు. ఒక ఫోటో దగ్గర చాలాసేపు ఆగింది.

"మంచిగుండె" అంది మెల్లగా. తర్వాత ఫోను నా వైపు తిప్పింది. "తీసెయ్."

ఆ భూమి అలా ఉండేదని చెప్పడానికి లోకంలో ఉన్నవి అవే. ఇంకెక్కడా కాపీలు లేవు. ఎవరినీ నమ్మని నా గుణమే వాటిని ఒక్క చోట కట్టి పెట్టింది. నా కాగితాల్లో మొక్కల పేర్లున్నాయి, నిజమే. కానీ ఎక్కడివో చెప్పలేని పేర్లను సార్ కాదు కదా, నేనే నమ్మను.

"నేను ఎవరికీ ఇయ్యనక్కా. ఒట్టు."

"నువ్వియ్యవు. గాయన రేపు మీ సార్ కాడికి పోతడు. మీ సార్ అడిగితె నువ్వియ్యవా? మీ సార్ గాయనకు ఇయ్యడా?"

సార్ సంగతి నాకు తెలుసు. ఒక్కొక్కటే నొక్కి తీసేశాను. ఆమె నా భుజం మీదుగా చూస్తూనే ఉంది. అన్నీ పోయాక ఫోను జేబులో పెట్టుకోబోతే చెయ్యి పట్టుకుంది.

"తీసేసినంక గూడ ఇంకోకాడ దాగుంటయట గద. మా బిడ్డ చెప్పింది."

తీసేసినవి చేరే చోటు తెరిచాను. అన్నీ అక్కడ చిన్న చిన్న గళ్లలో వరసగా ఉన్నాయి. మోకాళ్ల ఎత్తు గడ్డి ఇంకా గాలికి వంగే ఉంది. అక్కడినుంచి కూడా తీసేశాను.

"ఇగ నీ కాడ ఏం లేదు గద?"

"ఏం లేదక్కా" అన్నాను. నిజంగానే ఏమీ లేదు.